బొత్తాం మేత ముట్టని రాత్రి

పొద్దున వేసిన ఎండుగడ్డి వేసినట్టే ఉంది.
తొట్టిలో ఒక్క పెంటిక లేదు.
బీరువా పక్క మూలకి ఒదిగి, గూను తిరిగి,
అది పళ్ళు నూరుతోంది.
కుందేలు నొప్పి చెప్పుకునే పద్ధతి అదేనట.

డాక్టరమ్మ ష్టెపాంకా సూది పొడిచి ఇంటికి పంపింది.
"పేగులు కదలడం మానేశాయి.
దీనికి వాంతి చేసుకోవడం రాదు,
లోపలికి పోయింది ముందుకే పోవాలి.
రెండు గంటలకోసారి జావ పట్టు,
పొట్ట నిమురు, వెచ్చగా ఉంచు.
పెంటిక పడిందా, గండం గడిచినట్టే."

నాకు తెల్లవారుజామున నాలుగున్నరకి ట్రామ్ డ్యూటీ.
తొమ్మిదేళ్ళ రొజాలీ బూట్లతోనే నిద్రపోయింది,
మెలకువగా ఉంటానని నాతో పందెం కాసి.
బ్రనో ఆ చివర నుంచి నాన్నని పిలిచాను.
ఇంకెవర్ని పిలవాలో తోచలేదు.

ఒకప్పుడు ఆయన పెరట్లో నలభై గూళ్ళు.
శనివారం సాయంత్రం ఒకదాన్ని వెనక కాళ్ళు పట్టి ఎత్తి
చెవుల వెనక అరచేతి అంచుతో ఒక్క దెబ్బ.
"రెండో దెబ్బ వేసేవాడు చేతకానివాడు" అనేవాడు.
తీగమీద తోళ్ళు మేజోళ్ళలా ఆరేవి.
నేను కట్టెల కొట్టం వెనక చెవులు మూసుకుని ఏడ్చేదాన్ని.
ఆదివారం మళ్ళీ
తొడ ముక్క నాకే కావాలని పేచీ పెట్టేదాన్ని.
రెండూ నిజమే.

ఆఖరి ట్రామ్‌లో వచ్చాడు, ఒటకార్, మా నాన్న,
కోటు కింద పైజమాతో.
వంటింటి నేలమీద చతికిలబడి
దాన్ని తువాల్లో పొత్తిళ్ళ బిడ్డలా చుట్టాడు.
ముందరి పళ్ళకీ దవడ పళ్ళకీ నడుమ సందులోంచి
సిరంజి మొన దూర్చాడు.
ఎవరూ చూపించకుండానే ఆ సందు ఆయనకి తెలుసు.
"ఇది కడుపు. పిండిముద్దలా గట్టిపడింది.
ఇక్కడ పేగు మెలిక తిరుగుతుంది. ఇటు నుంచి ఇటు నిమరాలి."
ఎన్ని వందల పొట్టలు కోస్తే
ఒక్క పొట్ట ఇలా చేతికి అర్థమవుతుందో
నేను అడగలేదు.

జావ సగం ఆయన మోకాలి మీదే కక్కింది.
తిట్టాడు. మళ్ళీ పట్టాడు.
రెండింటికి, గడియారం వైపు చూడకుండా,
"ఏంటి దీని పేరు?" అన్నాడు.
రెండేళ్ళుగా మా ఇంటికి వస్తూ
దాన్ని "అది" అనే పిలిచిన మనిషి.
"బొత్తాం. ముక్కుమీద ఆ నల్లచుక్క చూసి రొజాలీ పెట్టింది."
"గూట్లో ఉన్నదానికి పేరు పెట్టకూడదు" అన్నాడు,
ఎప్పటి మాటో నోటికి వచ్చినట్టు.
తర్వాత చాలాసేపటికి,
నేను నిద్రపోయాననుకుని,
"బొత్తాం" అని ఒకసారి అని చూశాడు.

నాలుగింటికి బయటపడ్డాను.
పట్టాలమీద మంచు బూడిద చల్లినట్టుంది.
మొదటి ట్రిప్పులో ఆరుగురు ప్రయాణికులు,
రొట్టెల కార్ఖానాకి పోయే ఆడవాళ్ళు.
ప్రతి స్టాపులోనూ తలుపులు మూశాక
ఒక క్షణం ఎక్కువ ఆగాను, ఎందుకో.

చివరి స్టాపులో ఫోను తీశాను.
ఫొటో ఒకటి. మాటలేమీ లేవు.
పరిచిన న్యూస్‌పేపర్ మీద మూడు పెంటికలు,
మిరియాలంత, నల్లగా, వంకరగా,
కొలతకి పక్కన ఒక నాణెం.
నవ్వొచ్చింది, ఆపుకోలేనంత.
ముందు సీటులో ముసలామె
"మంచి కబురా?" అంది.
"పెంటికలు పడ్డాయమ్మా" అన్నాను.
ఆమె తల ఊపింది,
"ఆవుకా?" అంది.

మధ్యాహ్నానికి ఇంటికొస్తే
బొత్తాం కొత్తిమీర కాడ ఒకటి నమిలి, రెండోది వద్దంటోంది.
రొజాలీ బడి ఎగ్గొట్టి దాని పక్కనే బోర్లా పడుకుని ఉంది.
నాన్న సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు,
మోచేతుల దాకా సబ్బు పట్టించి,
వెనకటి శనివారాల్లో లాగే.
నీళ్ళు చాలాసేపు పారాయి.

కోటు తొడుక్కుంటూ అన్నాడు:
"పెంటికలు ఇంకా చిన్నవే.
రెండు రోజులు కళ్ళలో వత్తులేసుకుని చూడు.
గడ్డి మంచిది తెస్తాను, ఇది చెత్త."